సమాధుల జాబితా ఉన్న పాత కంప్యూటర్



పాత కంప్యూటర్‌కి ఏ విండోస్ వేస్తే నడుస్తుందని ఎవరిని అడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే. "ఇంకా దాన్నేం చేస్తారు అయ్యగారూ, పాత సామాన్ల బండికి వేసేయండి." కాని మన ఆఫీసు గది మూలన ఉన్న ఆ పెట్టెలో ఏముందో మీలో పెద్దవాళ్లకు తెలుసు. మన సమాధుల తోటలో ఎవరు ఎక్కడ ఉన్నారో రాసిన జాబితా అందులోనే ఉంది. చేతిరాత రిజిస్టరు తుఫానులో తడిసి ముద్దయిపోయింది. అదృష్టం కొద్దీ, ఇప్పుడు మన మధ్య లేని లెక్కల మాస్టారు అంతకుముందే దాన్నంతా పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్‌తో, సాయంత్రాలు కూర్చుని టైపు చేసి పెట్టారు.

రాయి కట్టించుకోగలిగిన వాళ్లకు జాబితాతో పని లేదు. మట్టిదిబ్బల వాళ్లకే కావాలి. నాలుగు వర్షాకాలాలు గడిస్తే దిబ్బ నేలలో కలిసిపోతుంది.

ఈ వేసవిలో కువైట్ నుండి మన చెల్లెమ్మ ఒకామె నెల సెలవు మీద వచ్చింది. తల్లి పోయేనాటికి ఆమె ఎనిమిదేళ్ల పిల్ల. ఇన్నాళ్లకు రాయి కట్టిద్దామని డబ్బు దాచుకుని వచ్చింది. "మా అమ్మ ఎక్కడుందో చూపించండి అయ్యగారూ, మిగతాది నేను చూసుకుంటానండి" అంది. వాళ్లన్నయ్య ఒక చోటు చూపించాడు. పిన్ని ఇంకో చోటు చూపించింది. ఇద్దరూ గట్టిగానే చెప్పారు. అప్పటికి ఆమె సెలవులో పన్నెండు రోజులే మిగిలాయి.

కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ 98 బొమ్మ వచ్చి అక్కడే ఆగిపోతోంది. మేము, మన సెల్ షాపు తమ్ముడు కూర్చుని చూశాము. పెంటియమ్ 3, 500 మెగాహెర్ట్జ్, 128 ఎంబీ ర్యామ్. తమ్ముడు చేసిన మొదటి పని మాకు బాగా నచ్చింది. దేన్నీ ముట్టుకోకుండా హార్డ్ డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ కేబుల్‌తో తన ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఉన్నదంతా కాపీ తీసిపెట్టాడు. మాస్టారి ఫైలు కనిపించింది. తెరవడానికే దారి లేదు. ల్యాప్‌టాప్‌లో పేజ్‌మేకర్ లేదు, సీడీ పెట్టే చోటూ లేదు. పైగా అను ఫాంట్ యూనికోడ్ కాదు. తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల గళ్లలో సర్దిన ఫాంట్ అది. ఫాంట్ లేని చోట "అ" కూడా "అ"లా కనబడదు, అంతా పిచ్చి గీతలే.

అందుకని పాత పెట్టెనే లేపాలి. మరి ఏ విండోస్ వేయాలి? విండోస్ 7 అన్నారు ఒకరు. దానికి 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు, 1 జీబీ ర్యామ్ కావాలి, మన పెట్టెకు ఆ బరువు మోయలేదు. ఎక్స్‌పీ అన్నారు ఇంకొకరు. 64 ఎంబీతోనైనా ఎక్కుతుంది గాని, 128తో నత్తనడకే. లైనక్స్ తేలికే, కాని పేజ్‌మేకర్ దాని కోసం చేసింది కాదు. కొత్తదంతా మంచిదని మనవాళ్లకో నమ్మకం. ఈ పెట్టె పుట్టినప్పుడు దానితో పాటు ఉన్నది 1999లో వచ్చిన విండోస్ 98 సెకండ్ ఎడిషన్. దానికి 24 ఎంబీ ర్యామ్ ఉన్నా సరిపోతుంది. మాస్టారి సొరుగులో ఆ సీడీ, పేజ్‌మేకర్ 6.5 సీడీ రెండూ పాత కవర్లో చుట్టి ఉన్నాయి. 25 అక్షరాల కీ పుస్తకం అట్ట మీద చెక్కుచెదరలేదు.

తమ్ముడు ఇంకో పాత హార్డ్ డిస్క్ తెచ్చాడు. మాస్టారి డిస్క్‌ని పూర్తిగా పక్కన పెట్టి, ఈ డిస్క్ మీదే ఎఫ్‌డిస్క్, ఫార్మాట్ చేశాము. లోపల లేనిదాన్ని ఎవరూ చెరపలేరు కదా. బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ చచ్చిపోయి తేదీ నిలవడం లేదు, సీఆర్2032 కొత్తది వేశాము. విండోస్ ఎక్కాక తెర మీద 16 రంగులే, బొమ్మలన్నీ లావుగా. డిస్‌ప్లే డ్రైవర్ కోసం ఒక పూటంతా పోయింది. అది దొరికాక దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెడితే 98కి పెన్‌డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు! సీడీ రాయించుకు రావడానికి తమ్ముడు ఎండలో సెంటరుకు వెళ్లొచ్చాడు.

ఆ తర్వాతే మాస్టారి డిస్క్‌ని జంపర్ మార్చి స్లేవ్‌గా తగిలించాము. డీ డ్రైవ్‌గా వచ్చింది. అందులోని విండోస్ ఫాంట్స్ ఫోల్డరు నుండి అను ఫాంట్లు కొత్తదాంట్లోకి తెచ్చి, పేజ్‌మేకర్ ఎక్కించి, ఫైలు తెరిచాము. తెలుగు! వరుసలు, నంబర్లు, తండ్రి పేరు, పోయిన తేదీ. చెల్లెమ్మ తెర మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదువుకుంటూ కిందికి వచ్చింది. తల్లి పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఉత్తరం గోడ నుండి మూడో వరుస, వేపచెట్టు వైపు నుండి తొమ్మిది." వేపచెట్టు కొట్టేసి చాలా ఏళ్లయింది గాని మొద్దు ఉంది. తాడు పట్టి కొలిచాము. పిన్ని చూపించిన చోటికి రెండడుగులు అవతల. అన్నయ్య ఏమీ అనలేదు, వెళ్లి పలుగు తెచ్చి చుట్టూ గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు. ఆమె ప్రయాణానికి మూడు రోజుల ముందే రాయి నిలబెట్టారు.

జాబితా అంతా ప్రింటు తీశాము. కొన్ని వరుసల్లో పేరు లేదు, "కోతలకు వచ్చిన కూలి మనిషి" అని మాత్రమే రాసుంది. మాస్టారు వాళ్లను కూడా వదలలేదు. మన అమ్మాయిలు ఇద్దరు ఇప్పుడు దాన్ని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేస్తున్నారు, సగం అయింది. ప్రింటు కాగితాలు ఆఫీసు గదిలో బల్ల మీద ఉన్నాయి. శనివారం సాయంత్రం వచ్చి మీవాళ్ల పేర్లు, తేదీలు సరిచూసుకోండి. ఆ కూలి మనుషుల్లో ఎవరి ఊరైనా, పేరైనా మీ ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తుంటే వాళ్లను కూడా వెంటబెట్టుకు రండి.