పద్మినికి పుట్టింటి సారె

కొన్ని మాటలను పుట్టిన దేశం మరిచిపోతుంది. పెంచుకున్న దేశం మాత్రం వాటిని కంటికి రెప్పలా కాపాడుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకు బతికే నావంటివాడికి అలాంటి మాట దొరికితే పండగే. మనం కారు డిక్కీలో పెట్టుకు తిరిగే "స్టెప్నీ" అలాంటి మాట.

వేల్సు దేశంలో లనెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధి వుంది. 1904లో అక్కడ డేవిస్ సోదరులు ఒక వింత చక్రం తయారుచేశారు. ఆ కాలపు కార్లకు అదనపు చక్రం వుండేది కాదు. టైరు పంక్చరయితే నడిరోడ్డు మీద కూర్చుని అతుకు వేసుకోవలసిందే. వీరి చక్రానికి ఆకులు లేవు. గాలి నింపిన టైరూ, దాన్ని మోసే చట్రమూ అంతే. దాన్ని దెబ్బతిన్న చక్రానికి పక్కనే బిగించి ఇల్లు చేరేవారు. అంటే పుట్టుకలోనే స్టెప్నీ తాత్కాలికపు సరుకన్నమాట. ఇంగ్లీషువారు ఆ మాటను ఏనాడో వదిలేశారు. మన బెజవాడ ఆటోనగర్లో అది ఈనాటికీ రోజుకు వందసార్లు వినబడుతుంది.

ఈ పాండిత్యమంతా నాకు మా అమ్మ పుణ్యమా అని అబ్బింది.

మా నాన్నగారు 1986లో కొన్న ప్రీమియర్ పద్మిని మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తూనే వుంది. నాన్నగారు లేరు. అమ్మకు మోకాళ్ళు పట్టేసి, రెండేళ్ళుగా చక్రాల కుర్చీలోనే కాలక్షేపం. గుడివాడలో వున్న మా పెద్దమ్మను చూడాలని ఆవిడ కోరిక. అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి నూట అరవై ఏళ్ళు పైబడ్డాయి. వాయిదా వేయదగిన కోరిక కాదు. టాక్సీ పిలుస్తానంటే, "మీ నాన్న కారు వుండగా పరాయి కారెందుకురా?" అంటుంది. ఆ పద్మిని సీటు ఎత్తు కూడా ఆవిడ మోకాళ్ళకు అనుకూలమే. చిక్కల్లా డిక్కీలో వచ్చింది. స్టెప్నీ వుంటే కుర్చీ పట్టదు. కుర్చీ పెడితే మూత పడదు. తేడా ఎంతనుకున్నారు? రెండు వేళ్ళు!

"స్టెప్నీ ఇంట్లో పారేసి వెడదామండీ. కొత్త కార్లలో అసలు ఇవ్వడమే మానేశారట కదా!" అంది మా ఆవిడ.

మాట నిజమే. 2020లో మన కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సవరించి, కొన్ని కార్లకు స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదంది. కాని ఆ కార్లకు ట్యూబులేని టైర్లుండాలి, గాలి తగ్గితే చెప్పే సాధనముండాలి, మరమ్మతు సామానుండాలి. మా పద్మినివి పాతకాలపు ట్యూబు టైర్లు. వాటిని పైపైన పూడ్చడం కుదరదు. చక్రం విప్పి ట్యూబు బయటికి తీయవలసిందే. ఎండలో, రోడ్డు పక్కన, నడవలేని తల్లిని కారులో కూర్చోబెట్టుకుని ఆ పని ఎవరి చేత చేయించను?

అంతకంటే చిన్న స్టెప్నీ వెతకాలని తేలింది. కొత్త కార్లకు ఇచ్చే సన్నపాటి చక్రం ఒకటి ఆటోనగర్లో దొరికింది. పద్నాలుగు అంగుళాలే, నాలుగు బోల్టులే. దుకాణదారు అప్పుడే పొట్లం కట్టబోయాడు. మా మేస్త్రీ ఆపి, జేబులోంచి కొలబద్ద తీశాడు. ఎదురెదురుగా వున్న రెండు రంధ్రాల నడిమి నుంచి నడిమికి కొలిచాడు.

"ఇది వంద మిల్లీమీటర్లు మాస్టారూ. మన బండిది తొంభై ఎనిమిది."

"రెండు మిల్లీమీటర్లకేం, బిగిస్తే అదే కూర్చుంటుంది" అన్నాడు దుకాణదారు.

"కూర్చుంటుంది. అమ్మగారు కూడా అందులోనే కూర్చుంటారు" అన్నాడు మేస్త్రీ.

ఆ మాటకు ఇక జవాబు లేదు. బోల్టు తల వాలుగా వుంటుంది. రంధ్రంలో నిండుగా ఆనితేనే పట్టు. అడ్డదిడ్డంగా ఆనిన బోల్టు బిగిసినట్టే కనబడి, దారిలో వదులవుతుంది. ఛందస్సులో ఒక్క మాత్ర తప్పితే పద్యం కుంటుతుంది గాని ఎవరి ప్రాణమూ పోదు. ఇక్కడ అలా కాదు.

ఫియట్ వంశంలో చాలా కార్లకు ఈ తొంభై ఎనిమిదే కొలత. అప్పుడు గుర్తొచ్చాడు మా తమ్ముడి కొడుకు. వాడు చదువుతున్నది ఇటలీలో, అందులోనూ ట్యూరిన్ నగరంలో. ఫియట్ కంపెనీ 1899లో పుట్టింది అక్కడే. డాంటే జియకోసా అనే ఇంజనీరు రూపుదిద్దగా 1953లో వచ్చిన ఫియట్ 1100 కారే బొంబాయి చేరి, మనదై, 1974లో పద్మిని అని పేరు పెట్టించుకుంది. కబురు చేయగానే వాడు పాత సామాన్ల దుకాణాలు గాలించి, ఫియట్ పాండా తాలూకు తాత్కాలిక చక్రం పట్టాడు. 135/80, పద్నాలుగు అంగుళాలు. వెళ్ళేటప్పుడు ఆవకాయ పట్టుకెళ్ళిన పెట్టెలోనే, వచ్చేటప్పుడు గాలి తీసిన చక్రం పెట్టుకొచ్చాడు.

"పెదనాన్నా! పద్మినికి పుట్టింటి సారె" అంటూ వాకిట్లో దింపాడు.

మేస్త్రీ సారెనయినా పరీక్షించకుండా వదలలేదు. బోల్టులు ఎన్ని చుట్లు లోపలికి దిగుతున్నాయో లెక్కపెట్టాడు. నడిమి రంధ్రం సరిగా ఆనిందో లేదో చూశాడు. చక్రం తిప్పి బ్రేకు డ్రమ్ముకు రాసుకోవడం లేదని రూఢి చేసుకున్నాడు. స్టీరింగు ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పించాడు. మా పాత టైరు ఎత్తు అరవై సెంటీమీటర్లు పైచిలుకు. దీనిది యాభై ఏడు. డిక్కీ మూత మెత్తగా పడింది. ఆ చప్పుడు నాకు సంగీతంలా వినిపించింది.

తరవాత రెండు ఆంక్షలు పెట్టాడు. ఒకటి, దాని మీద రాసి వున్నట్టు గంటకు 80 కిలోమీటర్లు దాటరాదు. మొదట కనబడ్డ పంక్చరు షాపు దాకానే దాని ఉద్యోగం. రెండు, దాన్ని వెనక వేయరాదు. పద్మినిని తోసేవి వెనక చక్రాలు. అవి రెండూ ఎక్కుతక్కువలుగా వుంటే వాటి మధ్య వున్న డిఫరెన్షియల్ పళ్ళు విరామం లేకుండా తిరిగి వేడెక్కుతాయి. వెనక టైరు పోతే, ముందుది తీసి వెనక వేసి, చిన్నదాన్ని ముందు వేయాలి. పని రెట్టింపే, బండి మాత్రం క్షేమం.

గుడివాడ దారిలో, పామర్రు ఇంకా రాకుండానే, వెనక ఎడమ టైరు పోనే పోయింది. ముందు కుర్చీ దింపి అమ్మను వేపచెట్టు నీడన కూర్చోబెట్టాం. అప్పుడు చక్రం దింపాం. మేస్త్రీ చెప్పినట్టే ముందుది వెనక్కి, సారెది ముందుకి. నలభై నిమిషాలు పట్టింది. అమ్మ మంచినీళ్ళు తాగుతూ ఆ ఇటలీ చక్రాన్ని ఎగాదిగా చూసి, "ఇంత బక్కది లాగుతుందిట్రా?" అంది.

"పామర్రు దాకా లాగితే చాలే అమ్మా."

లాగింది. పామర్రులో ట్యూబుకు అతుకు వేయించి, చక్రాలు యథాస్థానాల్లో బిగించాం. మధ్యాహ్నం భోజనాల వేళకు పెద్దమ్మ గుమ్మం ముందు వున్నాం. డిక్కీలోంచి ముందుగా కుర్చీ దిగింది. పెద్దమ్మ కర్ర తాటించుకుంటూ ఎదురొచ్చి, చెల్లెలి చెయ్యి పట్టుకుని, "ఇంత ఆలస్యమేమే?" అని కోప్పడింది.