పొగ ఎక్కేటప్పుడా... దిగేటప్పుడా?

మంచు చూడ్డానికి అనంతగిరి వెళ్లేవాళ్లుంటారు. కాఫీ తోటలు చూడ్డానికి వెళ్లేవాళ్లుంటారు. మేం మాత్రం ఓ పాత బండి గుట్టు తెలుసుకోవడానికి వెళ్లినట్టయింది!

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లాలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది రైలే. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు దించడానికి 1960ల్లో జపాన్ సహకారంతో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది. ఆ రైలుకి 2017లో అద్దాల బోగీ కూడా తగిలించాక కొండలు చూడ్డానికి మెడ తిప్పాల్సిన పని కూడా లేకుండా పోయింది. రోడ్డు దారి సంగతి వేరు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాకా మామూలు మైదానమే. ఎస్.కోట దాటి కాశీపట్నం వచ్చేసరికి ఎదురుగా కొండ నిలబడుతుంది. అక్కణ్నుంచి మలుపు మీద మలుపు. ఒకవైపు లోయ, ఇంకోవైపు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. (వికారాబాద్ దగ్గర కూడా ఒక అనంతగిరి ఉంది. ఇది ఆ అనంతగిరి కాదు. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోది.)

మా మేనల్లుడికి ఈ మండలంలోనే ఓ ఆశ్రమ పాఠశాలలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఊరు మెయిన్‌రోడ్డుకి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి. జీపులు దొరికితే దొరుకుతాయి, లేదంటే నడకే. అందుకని 24 వేలు పెట్టి ఓ వంద సీసీ బండి కొన్నాడు. కంపెనీ పేరెందుకు లెండి, పన్నెండేళ్లు వాడిన బండికి కంపెనీ ఏం చేస్తుంది! ట్యాంకు అద్దంలా మెరుస్తోంది. వీడు చూడ్డానికి వెళ్లేసరికే అమ్మేవాళ్లు బండి స్టార్ట్ చేసి ఉంచారట. ఇక్కడో మాట చెప్పుకోవాలి. పాత బండి కొనేటప్పుడు ముందు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే, చల్లారేదాకా ఆగి మన చేత్తో మనమే కిక్కు కొట్టాలి. చల్లటి ఇంజిన్ ఎన్ని కిక్కులకు లేస్తోంది, మొదటి నిమిషంలో పొగ ఎలా వస్తోందన్నదాంట్లోనే సగం జాతకం ఉంటుంది. మీటరు చూపించే కిలోమీటర్లను అంతగా నమ్మక్కర్లేదు. ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, బ్రేకు పెడలు ఎంత అరిగాయో చూస్తే అసలు లెక్క తెలుస్తుంది.

నవంబరు చివర్లో ఓ శనివారం ఇద్దరం బయల్దేరాం. వాడు నడుపుతున్నాడు, వెనక నేను, నా వెనక వాడి పరుపుచుట్ట. ఎస్.కోట దాకా బండి ఎంత బుద్ధిగా వచ్చిందంటే, ‘చూశావా మావయ్యా’ అని వాడు నాలుగుసార్లు అన్నాడు. పైన బంకులు ఎక్కడుంటాయో ఏమోనని ఎస్.కోటలో ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించాం.

ఘాట్ మొదలైంది. నాలుగో మలుపులో మూడో గేరు లాగలేదు. రెండుకి దింపితే ఇంజిన్ అరుపు పెరిగింది గానీ బండి వేగం పెరగలేదు. ఇంకాస్త పైకెళ్లాక తుమ్ముతూ తుమ్ముతూ ఆగిపోయింది. పది నిమిషాలు కూర్చుంటే మళ్లీ లేచింది. మళ్లీ మూడు కిలోమీటర్లకి అదే వరస. దీనికి తోడు పొగ. విశాఖలో తెలిసిన మెకానిక్‌కి ఫోన్‌చేస్తే, ‘పొగొస్తోందా... అయితే బోరు పోయింది. కిట్టు మార్చాలి, ఏడువేలవుతుంది’ అని అక్కణ్నుంచే తేల్చేశాడు. మా వాడికింకా మొదటి జీతం రాలేదు. సోమవారం పొద్దున్నే బడిలో ఉండాలి. మొహం చూస్తే జాలేసింది.

రైలు మార్గంలో ఈ కొండలమీదే ఉన్న శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తు. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తయినదని ఒకప్పుడు పేరు. అనంతగిరి కూడా ఇంచుమించు అంత ఎత్తులోనే. అంత పైన గాలి ఒత్తిడి సముద్రతీరంలోకన్నా దాదాపు పదోవంతు తక్కువ. మనకది చల్లగా, హాయిగా అనిపిస్తుంది. కార్బొరేటరు బండికి మాత్రం ఊపిరి తగ్గినట్టే. గాలి పలచనవుతుంది, పెట్రోలు మాత్రం దాదాపు పాత కొలతలోనే వస్తుంది. దాంతో మండేదాంట్లో పెట్రోలు పాలు ఎక్కువై ప్లగ్గు నల్లగా మసిబారుతుంది. ఏ జబ్బూ లేని బండి కూడా పైన ఓ పదోవంతు బలం పోగొట్టుకుంటుంది. 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక కొత్త బైకులన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. వాటిలో సెన్సర్లు గాలిని కొలిచి పెట్రోలు సర్దుకుంటాయి. కానీ కొండమీదికి చేరే పాత బళ్లలో ఇప్పటికీ కార్బొరేటర్లవే ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి ఘాట్‌లో లాగలేదంటే ఎంత కొండ తప్పు, ఎంత బండి తప్పు అన్నది ముందు విడదియ్యాలి.

విడదీసే మనిషి అనంతగిరిలో రోడ్డు పక్కనే దొరికాడు. టార్పాలిన్ కప్పిన చిన్న పాక. నేలమీద గోనెపట్టా, దానిమీద స్పానర్లు. పాతికేళ్లుంటాయేమో కుర్రాడికి. కొండ కింద ఓ షెడ్డులో పని నేర్చుకుని సొంత ఊరికి వచ్చేశాడట. బండిమీద చెయ్యి వెయ్యకుండానే అడిగాడు.

‘‘టక్కున ఆగిందా మాస్టారూ, నలిగి నలిగి ఆగిందా?’’

‘‘నలిగి నలిగే.’’

‘‘అయితే కరెంటు కాదు, పెట్రోలు. కరెంటు పోతే స్విచ్చాపినట్టు టక్కున పోద్ది.’’

‘‘ఇంజిన్ వేడెక్కి పట్టేస్తోందేమో?’’ అన్నాడు మా వాడు భయంభయంగా.

‘‘పట్టేస్తే కిక్కు దిగదు గదండీ!’’

పెట్రోలు ట్యాంకు మూత తిప్పాడు. ఉస్స్... మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు. మూతలో సన్నటి బెజ్జం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లే దారది. అమ్మేముందు తళతళలాడేలా పట్టించిన పాలిష్ ముద్ద ఆ బెజ్జంలో కూరుకుపోయి గట్టిపడింది. మరి ఎస్.కోట దాకా ఎందుకు ఆగలేదు? అప్పటిదాకా ట్యాంకులో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. నిండా కొట్టించాక ట్యాంకులో గాలికి చోటు లేదు. పైగా ఎక్కుడు దారిలో పెట్రోలు తొందరగా ఖర్చవుతుంది. చిటికెలో లోపల గాలి పలచనై పెట్రోలు దిగడం మానేసింది. ఆపి కూర్చుంటే ఎక్కడో సందులోంచి కాస్త గాలి చొరబడి మళ్లీ దిగేది. గుండుసూదితో పొడిచి మూత బిగించాడు. ఆ జబ్బు అక్కడితో సరి.

తరవాత క్లచ్. లివరు పట్టుకుని చూపించాడు. కేబులు తీగలా బిగిసి ఉంది. చిటికెనవేలంత ఆట ఉండాలట. లేకపోతే లివరు వదిలినా ప్లేట్లు పూర్తిగా కరుచుకోవు. మైదానంలో ఇది బయటపడదు. ఇద్దరు మనుషులు, ఒక పరుపుచుట్ట, ఎదురుగా కొండ... ఇవన్నీ కలిస్తే ప్లేట్లు జారతాయి, ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. నట్టు రెండు చుట్లు తిప్పాడు. ‘‘ఇంకా జారితే ప్లేట్లు మార్చాలి. అదిప్పుడు కాదు’’ అన్నాడు.

ఇక మిగిలింది పొగ. ఆ మాట చెప్పగానే కుర్రాడు ఓ ప్రశ్న అడిగాడు. విశాఖ మెకానిక్ అడగని ప్రశ్న అది.

‘‘పొగ ఎక్కేటప్పుడొస్తందా, దిగేటప్పుడొస్తందా?’’

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వెనక కూర్చున్నవాణ్ని నేనే. ఆలోచిస్తే, మధ్యలో దారి కాస్త పల్లంలోకి దిగి మళ్లీ ఎక్కినచోటే నీలం పొగ కనిపించింది. ‘‘చూద్దాం పట్టండి’’ అని మా వాణ్ని ఓ మలుపు దగ్గర నిలబెట్టి, నన్ను వెనక ఎక్కించుకుని గాలికొండ వైపు కొట్టాడు. ఎక్కినంతసేపూ రెండో గేరులో గట్టిగా రైజ్ చేశాడు. వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను, పొగ లేదు. పైన తిప్పి, అదే గేరులో యాక్సిలేటరు పూర్తిగా వదిలేసి కిందికి దించాడు. మా వాడు నిలబడ్డ మలుపు దాటి ఎక్కుడు రాగానే ఒక్కసారి తిప్పాడు. భుస్సున నీలం పొగ!

‘‘రింగులు కాదండీ. వాల్వు సీళ్లు’’ అన్నాడు దిగుతూనే.

సంగతేమిటంటే, పిస్టన్ రింగులు, బోరు అరిగిపోతే బరువు లాగుతున్నప్పుడే ఆయిలు పైకెక్కి మండుతుంది. ఎక్కినంతసేపూ పొగ వదులుతూనే ఉండాలి. యాక్సిలేటరు మూసి ఇంజిన్ పట్టుమీద దిగేటప్పుడు మాత్రం గాలి దారి మూసుకుపోయి లోపల పీల్పు పెరుగుతుంది. వాల్వు కాడల దగ్గరుండే చిన్న రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటే ఆ పీల్పుకి ఆయిలు వాటి పక్కనుంచి లోపలికి కారుతుంది. మళ్లీ తిప్పగానే అదంతా ఒక్కసారి మండి నీలంగా బయటికొస్తుంది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువని. చలిలో పొద్దున్నే వచ్చే తెల్లటి ఆవిరికి భయపడక్కర్లేదు. ఈ తేడా విశాఖ బీచ్‌రోడ్డులో తిరిగితే తెలియదు. దిగి ఎక్కే ఘాట్‌లోనే తెలుస్తుంది.

అయినా కుర్రాడు అంతటితో వదల్లేదు. ప్లగ్గు ఊడదీసి, ఆ బెజ్జానికి బొటనవేలు అడ్డంపెట్టి నన్ను కిక్కు కొట్టమన్నాడు. వేలు గట్టిగా ఎగదన్నింది. ఇంకో చెంచాడు ఇంజినాయిలు బెజ్జంలో పోసి మళ్లీ కొట్టించాడు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిలు సందులు మూసి ఒత్తిడి బాగా పెరగాలి. ఇక్కడ తేడా ఏమీ లేదు. ఆయిలు మూత తీసి ఇంజిన్ తిప్పితే బుసబుసా పొగ ఊదలేదు. ఇన్ని సాక్ష్యాలు చూశాక మా వాడి మొహంలోకి రక్తం వచ్చింది. సీళ్లయితే సామాను వందల్లో పోతుంది. కాకపోతే హెడ్డు విప్పాలి. సరుకు ఎస్.కోట నుంచి రావాలి, అంటే వచ్చే ఆదివారం. ‘‘ఈలోపు రెండ్రోజులకోసారి ఆయిలు చూసుకోండి మాస్టారూ. తగ్గితే పొయ్యండి. పొగతో ఇంజిన్ పోదు, ఆయిల్లేక పోద్ది.’’ లీటరు కూడా పట్టని ఇంజిన్‌లో పావు లీటరు తగ్గిందంటే మాటలు కాదు మరి.

ప్లగ్గు మసిగానే ఉంది. గాలి ఫిల్టరు దులిపితే గుప్పెడు ఎర్రమట్టి రాలింది. కార్బొరేటరు స్క్రూ ముట్టుకునే ముందు మళ్లీ ఓ ప్రశ్న: ‘‘బండి పైనుంటదా, కిందుంటదా?’’ పైన సర్దిన బండిని విశాఖలో నడిపితే పెట్రోలు చాలక వేడెక్కిపోతుంది. వారానికోసారి దిగేవాళ్లయితే ముట్టుకోకుండా వదిలెయ్యడమే మంచిదట. మా వాడి కాపురం ఇక్కడే కాబట్టి పావు చుట్టు తిప్పాడు.

చేతులు తుడుచుకుంటూ కుర్రాడు చెప్పిన మాటలు నాకు బండికన్నా ఎక్కువ గుర్తున్నాయి. పైన గూడేల్లోకి వచ్చే బళ్లన్నీ దాదాపు సెకండ్‌హ్యాండ్‌వే. కాఫీ పళ్లు అమ్మిన డబ్బుతో కొంటారు. సంతకి అల్లం, పిప్పళ్లు దించాలన్నా, జ్వరమొచ్చిన పిల్లణ్ని ఆస్పత్రికి తేవాలన్నా అదే బండి. రోడ్డులేని ఊళ్ల నుంచి గర్భిణుల్ని డోలీ కట్టి మోసుకొస్తారని మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ డోలీ దించేచోట చాలాసార్లు ఎదురుచూసేది ఎవరిదో ఒక బైకే. గిరిజన ప్రాంతాల కోసం 2018లో ప్రభుత్వం బైకు అంబులెన్సులు పెట్టింది కూడా ఇలాంటి దారుల కోసమే. ‘‘గూడెంలో బండి ఒక్కరిది కాదండీ. ఆగిపోతే ఊరంతా ఆగిపోద్ది. అందుకే అమ్మేవోడి మాట ఇనకుండా ఇక్కడికి తెచ్చి ఎక్కించి దించమంటాను’’ అన్నాడు. కొనకముందే బండిని ఇతని దగ్గరికి తెచ్చుకునేవాళ్లున్నారట.

దిగేవాళ్లకి కూడా ఓ జాగ్రత్త ఉంది. పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో జారుకుంటూ వచ్చే కుర్రాళ్లని దారిలో ఇద్దర్ని చూశాం. బరువంతా బ్రేకులమీదే పడి, డ్రమ్ము వేడెక్కి, కింది మలుపుల్లో అవి పట్టడం మానేస్తాయి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే లెక్క బైకుకీ వర్తిస్తుంది. సీళ్లు కారుతున్న బండైనా సరే అంతే. పొగ వస్తే రానివ్వండి, ఇంజిన్ పట్టుమీదే దిగండి.

మధ్యాహ్నం వాడు నన్ను బొర్రా స్టేషన్లో దించేసి బడికి వెళ్లిపోయాడు. దారంతా వలిసె పూల పసుపు. తొమ్మిది కిలోమీటర్ల లోపలి దారిలో ఎక్కడా ఆగలేదని రాత్రి ఫోన్‌చేశాడు. తరవాతి ఆదివారం హెడ్డు విప్పారు. సీళ్లు రెండూ రాయిలా గట్టిపడి ఉన్నాయట. వాల్వులు నూరి, కొత్త గాస్కెట్ వేసి, కూలీతో కలిపి పద్దెనిమిది వందలు తీసుకున్నాడట కుర్రాడు. బండిని తన పేరుకి మార్చుకోవడానికి ఫారం 29, 30 కూడా సంతకాలు పెట్టించి పంపాడు మా వాడు. చెయిన్ సెట్టు మాత్రం సంక్రాంతి దాకా లాగుతుంది, అప్పుడు చూద్దామన్నాడట.