కోడు చెప్పేది సగమే



మన సంఘంలో సొంత లారీ నడుపుకునే సహోదరుడు ఒకరున్నారు. ఉద్దానం కొబ్బరికాయలు ఒడిశా వైపు తోలుతుంటారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాం.

ఆయన బండి కొత్త రకం. క్లచ్ పెడల్ ఉండదు. లోపలి గేర్లు మామూలువే గానీ, వాటిని మార్చేది డ్రైవరు చెయ్యి కాదు. ఏ గేరు పడి ఉందో, షాఫ్టు ఎంత వేగంగా తిరుగుతోందో సెన్సార్లు కంప్యూటరుకు చెబుతాయి. కంప్యూటరు ఆజ్ఞ ఇస్తే చిన్న వాల్వులు తెరుచుకుని, ట్యాంకులోని గాలి ఒత్తిడి క్లచ్‌ను, గేర్లను కదుపుతుంది. వచ్చిన సమాచారం సరిగా లేదనిపిస్తే కంప్యూటరు ఒక కోడు రాసుకుంటుంది. ప్రమాదం జరగకుండా బండిని న్యూట్రల్‌లోనే ఉంచేస్తుంది.

ఒక రాత్రి కంచిలి దాటాక హైవే మీద అదే జరిగింది. ఆయన బ్యాటరీ స్విచ్ కట్టేసి, కాసేపు ఆగి, మళ్లీ వేశారు. బండి కదిలింది. అలా మూడు వారాలు నడిపారు. చివరికి ఒక రాత్రి నిండు లోడుతో ఆగిపోయింది, ఎన్నిసార్లు స్విచ్ వేసినా కదల్లేదు. మొదట వచ్చిన మెకానిక్ ల్యాప్‌టాప్ పెట్టి చూశాడు. గేర్‌బాక్స్ మీదున్న కంట్రోల్ యూనిట్ పేరుతో కోడు వచ్చింది. "యూనిట్ మార్చాల్సిందే" అన్నాడు. లక్షల్లో ఖర్చు. బండి మీద ఇంకా ఫైనాన్సు ఉంది.

ఆ సంగతి విని మేము వెళ్లేసరికి పలాస నుంచి ఒక పెద్దాయన వచ్చి ఉన్నారు, పాతకాలం ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన ల్యాప్‌టాప్ వైపు చూడనేలేదు. ముందు ఒక ప్రశ్న అడిగారు: "బాబూ, ఇది ఎప్పుడెప్పుడు వస్తోంది?"

సహోదరుడు ఆలోచించి, "ఎక్కువగా రాత్రిళ్లే. ఆ టైములో లైట్లు కూడా కాస్త మసగ్గా ఉంటున్నాయండి" అన్నారు.

మేము టార్చి పట్టుకున్నాం. ఆయన ముందు గాలి ఒత్తిడి చూశారు, బాగుంది. రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు చూశారు, అవీ బాగున్నాయి. అప్పుడు హెడ్‌లైట్లు వేయించి, మీటరు ఒక తీగను బ్యాటరీ నెగటివ్ మీద, రెండోదాన్ని ఛాసిస్ ఇనుము మీద పెట్టారు. ఆ రెండింటి మధ్య దాదాపు సున్నా ఉండాలి. రెండు వోల్టులు దాటింది. ఎర్తు కేబులు ఛాసిస్‌కు బిగించిన బోల్టు విప్పితే కింద పచ్చగా చిలుము, ఎర్రగా తుప్పు. మన బారువ వైపు ఉప్పు గాలి సంగతి మీకు తెలిసిందే. కేబులు చివర, ఛాసిస్ ఇనుము రెండూ మెరిసేదాకా గీకి, బిగించి, పైన వ్యాజిలిన్ రాశారు.

"కరెంటు వెళ్లే దారి బాగుంది, తిరిగొచ్చే దారి పాడైంది. బండిలో అన్నీ ఆకలితోనే ఉన్నాయి. గేర్‌బాక్స్ కంప్యూటరు సున్నితమైనది కాబట్టి ముందు అది అరిచింది. అరిచినదాన్ని పీకేస్తే ఏం లాభం?" అన్నారాయన. కోడు చెరిపేశాక కూడా డబ్బు తీసుకోలేదు. "లోడుతో, లైట్లు వేసుకుని టెక్కలి దాకా పోయి రా. మళ్లీ రాకపోతే అప్పుడు బాగైనట్టు" అన్నారు. తెల్లారేలోపు సహోదరుడు వెళ్లొచ్చారు. కోడు రాలేదు.

ప్రియులారా, ఆ రాత్రి టార్చి పట్టుకున్న మా చెయ్యి సిగ్గుతో వణికింది. ఎందుకో చెప్పాలి.

అదే మూడు వారాలు ఆ సహోదరుడు ఆరాధనకు రాలేదు. కమిటీలో "నాలుగు డబ్బులు రాగానే దేవుణ్ణి మరిచాడు" అన్నారు. మేము వారించలేదు. పైగా ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా ఆయన్నే ఉద్దేశించి మాట్లాడాం. పరిచర్య బాధ్యతల నుంచి తప్పిద్దామన్న మాట కూడా వచ్చింది. ఒక్కరమైనా ఆయన దగ్గరకు వెళ్లి "ఎప్పటి నుంచి? ఏమైంది?" అని అడగలేదు. కోడు చదివాం, యూనిట్ మార్చడానికి సిద్ధపడ్డాం.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాడు కనబడగానే శిష్యులు అడిగింది కూడా ఇలాంటిదే: పాపం వీడిదా, కన్నవారిదా? ప్రభువు ఆ రెండూ కాదని చెప్పి, అతని కళ్ల దగ్గరకే వెళ్లారు. శిష్యులకు నేరస్థుడు కావాలి, ప్రభువుకు ఆ మనిషి కావాలి.

మన ఉద్దానం వాళ్లకు ఈ తేడా ఇంకొకరు చెప్పాలా? రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ దెబ్బతిందని తెలుస్తుంది. ఎందుకు దెబ్బతిందో ఆ అంకె చెప్పదు. నీళ్లా, ఎండలో పనా, మరొకటా అని పరిశోధకులు ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉన్నారు. అయినా మంచం పట్టినవాణ్ణి చూసి "ఏ తాగుడో అయి ఉంటుంది" అని ఒక్క మాటతో తేల్చేసేవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు.

తెల్లవారాక టీ తాగుతూ సహోదరుణ్ణి అడిగాం. ఫైనాన్సు కిస్తీ తప్పింది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, గుడికి వస్తే ఎవరైనా అడుగుతారని భయం. "అయ్యగారూ, మీరు మా గడప తొక్కి ఎనిమిది నెలలైంది" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. తుప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. అది ఆయన వైపే కాదు, మా వైపూ ఉంది. ఒక వైపే గీకి బిగిస్తే ఆ అతుకు నిలవదు. అక్కడే ఆయన్ని క్షమాపణ అడిగాం. తరువాతి ఆదివారం సంఘం ముందు కూడా అడిగాం.

కాబట్టి ఈ వారం రెండు పనులు చేద్దాం. ఆరాధనకు రాని ఒక కుటుంబం ఇంటికి వెళ్దాం, ఉపదేశం లేకుండా, ప్రశ్నతో. రెండోది, మన సొంత కోపం, విసుగు పదే పదే వస్తుంటే స్విచ్ కట్టి వేసినట్టు ఒక చిన్న ప్రార్థనతో చెరిపేసుకోకుండా, ఎప్పుడు వస్తోందో కనిపెడదాం. 139వ కీర్తన చివర దావీదు తన హృదయాన్ని వెదకి చూడమని దేవుణ్ణే అడిగాడు. తనను తాను వెదుక్కుంటే సరిపోదని ఆయనకు తెలుసు.

ప్రార్థన: ప్రభువా, అరిచినవారిని గెంటేసే తొందర మాలో నుంచి తీసివేయండి. మా మధ్య తుప్పు పట్టిన చోటు చూపించండి. గీకేటప్పుడు నొప్పిని ఓర్చుకునే కృప ఇవ్వండి. రాత్రి దారుల్లో ఉన్న మా డ్రైవరు సహోదరులను క్షేమంగా ఇల్లు చేర్చండి. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.