మడమ నొప్పితో మంజీర దారిన

మా ఇల్లు ఇస్నాపూర్‌లో, జాతీయ రహదారికి కొంచెం లోపలికి. మా చిన్నతనంలో దీన్ని 9వ నంబరు రోడ్డు అనేవారు. ఇప్పుడు 65 అంటున్నారు. నంబరు మారినా లారీలు మారలేదు. పటాన్‌చెరు దాటి ముత్తంగి దగ్గర ఔటర్ రింగు రోడ్డు కిందుగా వస్తే ఇస్నాపూర్, ఆ తరువాత రుద్రారం, కంది, పోతిరెడ్డిపల్లి చౌరస్తా, అక్కడి నుండి సంగారెడ్డి. తెల్లవారుజామున ఐదు గంటలకే ఈ దారి మేలుకొని ఉంటుంది. కంపెనీ బస్సులు మొదటి షిఫ్టు వారిని ఎక్కించుకుంటాయి, రాత్రి షిఫ్టు వారిని దింపుతాయి. టిఫిను క్యారియరు చేతబట్టుకుని నిలబడిన ఆ మనుషుల మధ్య నుండే నేను పరుగెత్తడం నేర్చుకున్నాను. అప్పటికి నా వయస్సు 46. సంవత్సరం 2022.

నలభై దాటిన టీచరమ్మ చుడీదారు వేసుకుని రోడ్డు వెంట పరుగెత్తడం మా ఊళ్లో చిన్న విషయం కాదు. టీ కొట్టు పెద్దమ్మ మొదటి రోజు కంగారుగా బయటకు వచ్చి, “ఏం బిడ్డా, ఎవరన్న ఎంబడి పడ్డరా?” అని అడిగింది. నిజం చెప్పాలంటే ఎవరో ఎంబడి పడినట్లే ఉండేది నాకు.

మా అమ్మకు చక్కెర వ్యాధి. సదాశివపేట అవతల పల్లెలో ఉండేది. ఒకనాడు పొలం గట్టు మీద తుమ్మ ముల్లు అరికాలిలో దిగింది. ఆమెకు తెలియలేదు. నాలుగు రోజుల తరువాత తడి పాదముద్రలో రక్తం చూసి మా తమ్ముడు కనిపెట్టాడు. అంతకుముందే చక్కెర ఆమె పాదాలలోని నరాలను మొద్దుబారేటట్లు చేసింది. పుండు మానలేదు. మొదట రెండు వేళ్లు, తరువాత చీలమండ పై వరకు తీసేశారు. ప్రతి క్రిస్మస్‌కు మమ్మల్ని బస్సెక్కించి మెదక్ గుడికి తీసుకుపోయిన మనిషి, బస్సు దిగినప్పటి నుండి గోపురం చూసుకుంటూ మాకంటే ముందు నడిచే మనిషి, చివరి మూడేళ్లు మంచానికీ కిటికీకీ మధ్యనే గడిపింది. ఆమె సమాధి కార్యక్రమం నుండి వచ్చిన నెలకు నా రక్త పరీక్షలో చక్కెర హద్దు మీద ఉన్నదని తేలింది. డాక్టరుగారు నడవమన్నారు. నేను నడిచాను. నడక చాలలేదనిపించి పరుగెత్తాను.

మొదట్లో కరెంటు స్తంభం నుండి స్తంభానికి. రెండు స్తంభాలు పరుగు, మూడు స్తంభాలు నడక. మా వారు స్కూటరు మీద మెల్లగా వెనుక వచ్చేవారు. కుక్కల కోసమని ఆయన అనేవారు గాని, జనం చూపుల కోసమని నాకు తెలుసు. ఆరు నెలలకు ఐదు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలిగాను. ఆ వేళ నాకు ప్రార్థన వేళ కూడా అయింది. ఇంట్లో మోకరిస్తే కుక్కరు కూత గుర్తుకు వచ్చేది. దారిలో అటువంటిది లేదు.

ఉన్నది వాసన. ఈ ప్రాంతము వారికి చెప్పనక్కరలేదు, బయటివారికి చెప్పాలి. చలికాలంలో చల్లని గాలి నేలకు అంటుకుని పైకి లేవదు. రాత్రి వదిలిన వాయువులు తెల్లవారే వరకు అక్కడే ఉంటాయి. కుళ్లిన కోడిగుడ్డు ఒకరోజు, ఘాటైన మందు వాసన ఇంకొకరోజు. నడిచేవాడి కంటే పరుగెత్తేవాడు ఎన్నో రెట్లు గాలి లోపలికి తీసుకుంటాడు కదా. అందుకని వాసన ఉన్నరోజు మేడమీదనే అటూ ఇటూ నడిచి ఊరుకునేదాన్ని. ఇది మా సంఘములో పెద్దవారికి కొత్త కథ కాదు. పటాన్‌చెరు వైద్యులు అల్లాణి కిషన్‌రావుగారు రోగులను చూస్తూనే నక్కవాగు కాలుష్యము మీద దశాబ్దాల పాటు పోరాడారు. 1990లోనే ఈ సంగతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పత్రము ప్రచురించారు. సుమారు 90 మందుల కర్మాగారాల మురుగునీరు శుద్ధి చేసే పటాన్‌చెరు కేంద్రము నుండి బయటకు వచ్చే నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదట. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. లోకమంతటికీ మందులు ఇక్కడినుండి పోతాయని గర్వపడాలో, వాటి కడుగునీళ్లు ఇక్కడే మిగులుతాయని ఏడవాలో నాకు తోచదు. మా వారి జీతము కూడా ఆ కర్మాగారాల నుండే వచ్చింది గనుక నేను గట్టిగా మాట్లాడలేను.

ఇక మడమ సంగతి. 2023 ఆగస్టులో హైదరాబాదు మారథాన్‌లో 10 కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చాను. ఆ పరుగులు ఆదివారం ఉదయమే జరుగుతాయి. మా మహిళా సమాజములో ఒక అక్క, “ఆరాధన మానుకుని పరుగు పందెమా?” అని ముఖం మీదే అన్నారు. ఎరిక్ లిడెల్ కథ నాకూ తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్సులో 100 మీటర్ల పరుగు తొలి పోటీలు ఆదివారం పడ్డాయని ఆయన మానుకున్నాడు. తరువాత 400 మీటర్లు 47.6 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకము పొందాడు. ఆపైన మిషనరీగా చైనా వెళ్లి, 1945లో అక్కడి నిర్బంధ శిబిరములో కన్నుమూశాడు. (మా మెదక్ గుడి ప్రతిష్ఠ జరిగింది కూడా ఆ 1924 క్రిస్మస్ రోజుననే. అమ్మ ఉంటే ఈ మాట ఆమెకు చెప్పి ఉందును.) నేను లిడెల్‌ను కాను, నాకు పతకమూ రాదు. అయ్యగారిని అడిగితే ఆయన నవ్వి, “సాయంకాలపు ఆరాధన ఉన్నది కదమ్మా, దానికి రండి” అన్నారు. నా మనస్సు మాత్రం పూర్తిగా నెమ్మదించలేదు.

జూలైలోనే కుడి మడమ పొడవడం మొదలైంది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు మీద కాలు పెట్టినట్లు. పది అడుగులు వేస్తే తగ్గేది. తగ్గుతున్నది కదా అని ఎవరికీ చెప్పలేదు. డబ్బు కట్టాను, టీ షర్టు వచ్చింది, ఆ అక్కకు జవాబు చెప్పాలి. ఇందులో ఏది బలమైన కారణమో ప్రభువుకే తెలియాలి. కుంటుతూనే 10 కిలోమీటర్లు పూర్తిచేశాను. సాయంకాలము ఆరాధనకు వెళ్లాను గాని కీర్తనలకు లేచి నిలబడలేకపోయాను. మరునాడు పొద్దున కాలు నేలమీద పెట్టలేక గోడ పట్టుకుని ఏడ్చాను.

నొప్పికి ఏడ్వలేదు. అమ్మ పాదం గుర్తుకు వచ్చింది.

ఒకచోట మడమలో ఇంజెక్షను ఇచ్చారు. నెలన్నర హాయిగా ఉండి, మళ్లీ అంతే తీవ్రంగా వచ్చింది. రోజుకు ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పే పని నాది. కుర్చీలో కూర్చుని లెక్కలు చెబితే వెనుక బెంచీల పిల్లలు కనబడరు, వాళ్లకు నేను కనబడను. ఆ సంవత్సరపు పదవ తరగతికి నేను సరిగా చెప్పలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉన్నది. క్రిస్మస్ సెలవుల్లో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి దగ్గరకు వెళ్లాను. మా పెద్దమ్మాయి వయస్సుది. పాదమంతా మెత్తని దారముతో, చీపురు పుల్లతో తాకి, తెలుస్తున్నదా అని అడిగింది. ప్రతిచోటా తెలుస్తున్నదన్నాను. “ఆంటీ, మీ అమ్మగారికి నొప్పి తెలియలేదు. మీకు తెలుస్తున్నది. ఇది వేరే జబ్బు” అన్నది. అంతవరకు ఏ డాక్టరుతోనూ అమ్మ సంగతి నేను చెప్పుకోలేదు.

మడమ ఎముక నుండి వేళ్ల వరకు అరికాలి కింద ఒక మందపాటి పట్టీ ఉంటుందట. రాత్రి పడుకుంటే అది బిగుసుకుంటుంది, పొద్దున మొదటి అడుగుకు ఒక్కసారిగా సాగుతుంది. అదే ఆ పోటు. చాలామందికి ఒక సంవత్సరములో తగ్గిపోతుంది, తొందరపెడితే మాత్రం తగ్గదు. మంచం దిగకముందే వేళ్లను వెనక్కి లాగి పట్టుకోవాలి, పిక్కలు సాగదీయాలి. అన్నిటికంటే నాకు పనికి వచ్చింది మెట్టు మీద చేసేది. తుండు చుట్టి వేళ్ల కింద పెట్టుకుని, ఒంటికాలి మీద మడమను మెల్లగా పైకెత్తి, మెల్లగా దించాలి. రోజు విడిచి రోజు. డెన్మార్కు పరిశోధకులు 2014లో ఇది పరీక్షించి, ఉత్త సాగదీతలు చేసినవారి కంటే ఇది చేసినవారు మూడు నెలలకు ఎక్కువ కోలుకున్నారని వ్రాశారు. సంవత్సరము గడిచేసరికి ఇద్దరూ ఇంచుమించు సమానమేనట. అయినా నొప్పిలో ఉన్న మనిషికి తొమ్మిది నెలల ముందు అంటే తక్కువా? చక్కెర ఉన్నవారు మాత్రం ఇవేవీ మొదలుపెట్టకముందు డాక్టరుకు పాదం చూపించుకోవాలి. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా తిరగకూడదు.

పౌలు తన ముల్లును గూర్చి మూడుసార్లు వేడుకున్నాడు. నేను లెక్కపెట్టలేదు, మూడు కంటే చాలా ఎక్కువే. ముల్లు పూర్తిగా పోలేదు. తారు రోడ్డు మానుకున్నాను. ఆదివారం ఆరాధనకు ముందు సంగారెడ్డి వెళ్లి మహబూబ్‌సాగర్ కట్ట మీద తిరిగేవారము. 2024 వర్షాకాలంలో అక్కడే మొదటిసారి మళ్లీ పరుగెత్తాను, ఒక్క నిమిషము. మా వారు గడియారం చూసి “చాలు” అన్నారు. ఎదురు చెప్పలేదు.

2025 జూన్ 30న మాకు దగ్గరలోని పాశమైలారంలో, మందుల పరిశ్రమకు సరుకు చేసే ఒక కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా పోయారు. చాలామంది ఎక్కడెక్కడి రాష్ట్రాల నుండో వచ్చిన పిల్లలు. తెల్లవారుజామున క్యారియర్లతో నిలబడే ముఖాలలో కొన్ని “దీదీ” అని చెయ్యి ఊపేవి. పేర్లు నేను ఎన్నడూ అడగలేదు. ఆ వారమంతా పరుగెత్తలేదు, మడమ బాగానే ఉన్నది. ఆదివారం సంఘములో వారి కోసం ప్రార్థన చేశాము. పేర్లు తెలియక “ఆ కుటుంబములు” అని మాత్రమే అనగలిగాను.

ఇప్పుడు నెలకు ఒకసారి కల్పగూర్ వైపు, మంజీర ఒడ్డుకు వెళతాము. 1978లో ప్రభుత్వము ఇక్కడ అభయారణ్యము ఏర్పాటు చేసింది, మొసళ్లు ఉన్నాయి. హైదరాబాదు దశాబ్దాలుగా తాగుతున్నది ఈ నీళ్లే. నక్కవాగు చివరికి వెళ్లి కలిసేది కూడా ఈ మంజీరలోనే. అక్కడి మట్టి దారి మెత్తన, గాలికి పచ్చి గడ్డి వాసన తప్ప ఏమీ ఉండదు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషము నడక. మొత్తం మూడు కిలోమీటర్లు దాటను. క్రిందటిసారి మా వారు స్కూటరు చెట్టు కింద పెట్టి, చెప్పులతోనే నా వెంట పరుగెత్తారు. వంద గజాలకే ఆయాసంతో ఆగి, “మంచి బూట్లు ఎంతవుతాయే?” అని అడిగారు. పండుగ బోనసు వచ్చాక చూద్దామండీ అన్నాను.