రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన డెబ్భై వేలు

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. ఈమధ్య వేరే కంపెనీవాళ్ళు ఎక్కువ జీతం ఇస్తాం, నెలరోజుల్లో చేరమన్నారట. ఉన్నచోటేమో 90 రోజుల నోటీసు. ఈవిడ రాజీనామా పంపి, 30 రోజులు పనిచేసి, ల్యాప్‌టాప్ అప్పగించి వచ్చేసింది. మాకు చెప్పింది ఆ తర్వాతే.

"ఏం కాదులేమ్మా, అందరూ ఇలాగే చేస్తారు" అంది.

పదిరోజులకి ఆ "ఏం కాదు" రిజిస్టర్డ్ పోస్టులో నేరుగా మా గుమ్మంలోకే వచ్చింది. శాశ్వత చిరునామా అని మాదే ఇచ్చింది కదా! పొయ్యిమీద కుక్కర్ కూతలు వేస్తోంది. చేతులు కొంగుకి తుడుచుకుని సంతకం పెట్టాను. నేను చదివింది బి.ఏ. తెలుగు. ఆ ఇంగ్లీషులో నాకు అర్థమైనవి రెండే ముక్కలు. 70,000 రూపాయలు, లీగల్ యాక్షన్. చేయని 60 రోజులకీ జీతం కట్టాలిట. మావారు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. నేనైతే పోలీసులొస్తారేమో అనుకున్నాను, నవ్వకండి.

గుంటూరులో మా పెద్దమ్మగారబ్బాయి వకీలు. ఫోన్ చేస్తే అన్నయ్య కూడా నవ్వాడు.

"పోలీసులకేం సంబంధమే? ఇది సివిల్ వ్యవహారం. మనిషిని బలవంతంగా తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి పనిచేయించమని కోర్టులు చెప్పవు. 1963 చట్టంలోనే ఉందది" అన్నాడు. హమ్మయ్య అనుకునేలోపే, "అలాగని ఊరికే పోదు, సంతకం పెట్టింది కదా. చేరినప్పుడిచ్చిన కాగితం పంపించు" అన్నాడు.

ఆ కాగితం మా అమ్మాయి చేరిన రోజు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టిందే తప్ప చదవలేదు! అన్నయ్య చదివాడు. నోటీసు తక్కువైన రోజులకి బేసిక్ జీతం కట్టాలని ఉందట. జీతం 35,000 అయినా బేసిక్ 14,000. అంటే రెండు నెలలకి 28,000. కంపెనీ అడిగిందేమో మొత్తం జీతం లెక్కన. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, కాగితంలో రాసుకున్నదానికి మించి కోర్టు ఇప్పించదట. అదైనా సబబనిపించినంతే. పీఎఫ్ డబ్బు ఆపే హక్కు వాళ్ళకి లేదట. "అసలు పట్టు కోర్టులో లేదు, రిలీవింగ్ లెటర్‌లో ఉంది. కొత్త కంపెనీ అదే అడుగుతుంది" అన్నాడు. బాండు రాసిచ్చిన ఉద్యోగాలైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలిట. 3 ఏళ్ళు చేయకపోతే 2 లక్షలు కట్టాలన్న ఒక బ్యాంకు బాండు చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టే చెప్పిందట.

ఆ రాత్రి మా అమ్మాయి ఫోన్‌లో ఏడ్చింది. "చివరి నెల జీతం కూడా ఆపేశారమ్మా. నేను చేసిన పనికి కూడా డబ్బులివ్వకపోతే ఎలా?"

నాకు నోట మాట రాలేదు.

కిందటి శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతం ముందురోజు మా పనామె చెప్పాపెట్టకుండా మానేసింది. అంట్లన్నీ నా మీద పడ్డాయి. వారం తర్వాత వచ్చి, చేసినన్నాళ్ళ డబ్బులివ్వమ్మా అంటే, "చెప్పకుండా మానేసినవాళ్ళకి జీతమేమిటి?" అన్నాను. పక్కింటావిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఆ కంపెనీకి చూపించడానికి కనీసం సంతకం పెట్టిన కాగితమైనా ఉంది. నా దగ్గర ఏముంది?

మా అమ్మాయి వ్యవహారం మూడు వారాల్లో తేలింది. అన్నయ్య జవాబు రాశాక వాళ్ళు ఆపిన జీతంలో 28,000 తీసుకుని, మిగిలింది వేసి, రిలీవింగ్ లెటర్ ఇచ్చారు. మా అమ్మాయి ఇంకా గొణుగుతూనే ఉంది. నాకైతే న్యాయంగానే అనిపించింది.

మర్నాడు ఇస్త్రీ అబ్బాయిని అడిగి, మా పాత పనామె చేస్తున్న అపార్ట్‌మెంటుకి వెళ్ళాను. మెట్లు కడుగుతోంది. 12 రోజులకి 1,200 చేతిలో పెట్టాను. తడిచేతులతోనే లెక్కపెట్టుకుంది.

"ఇంకో వంద రావాలమ్మా. ఆ ఆదివారం కూడా వచ్చాను" అంది.

ఇంటికొచ్చి బీరువా వెనక నుంచి పాత క్యాలెండరు తీసి చూశాను. 13 టిక్కులున్నాయి.