కయీనును ఎందుకు బతకనిచ్చాడు?

నల్లగొండ

ప్రియమైన పాఠకులకు,

 

జడ్చర్ల నుంచి ఒక పాఠకురాలు రాసిన ప్రశ్నకు జవాబుగా ఈ నెల ఉత్తరం రాస్తున్నాను. "కయీను సొంత తమ్ముణ్ణి చంపాడు. అది దేవుడికి తెలుసు. అయినా అతణ్ణి చంపలేదు సరికదా, ఇంకెవరూ చంపకుండా ఒక గుర్తు వేసి పంపాడు. ఇదేం న్యాయం సార్?" అని ఆమె నిలదీశారు. నిలదీయాల్సిన ప్రశ్నే.

కథ తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఆదికాండం నాలుగో అధ్యాయంలో ఉంది ఇది. అన్న కయీను సేద్యం చేసేవాడు, తమ్ముడు హేబెలు గొర్రెలు కాసేవాడు. ఇద్దరూ దేవుడికి అర్పణలు తెచ్చారు. తమ్ముడిది అంగీకరించాడు, అన్నది అంగీకరించలేదు. హేబెలు వల్ల కయీనుకు పోయిందేమిటో చూడండి. గుంట భూమి పోలేదు, గంపెడు గింజలు పోలేదు. చిన్నవాడికి దక్కిన మన్ననే అతనికి కంట్లో నలుసైంది. తమ్ముణ్ణి పొలానికి తీసుకుపోయి చంపేశాడు. బైబిలు చెప్పే మొట్టమొదటి హత్య ఇదే. చంపింది శత్రువు కాదు, తోడబుట్టినవాడు. తర్వాత యోసేపును అన్నలు గుంటలోకి తోసి ఇరవై వెండి నాణేలకు అమ్మినా, దావీదును పొగిడిన పాట విని సౌలు రాజు ఈటె విసిరినా వాటి వెనక ఉన్నది ఆ కడుపుమంటే.

దీన్ని నేను పాత కథగా చదవలేను. మన జిల్లాలో మిర్యాలగూడ ఉంది. 2018 సెప్టెంబరు 14న ప్రణయ్ అనే యువకుడు గర్భవతి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించుకుని బయటికి వస్తుంటే, ఒకడు వెనక నుంచి వచ్చి పట్టపగలు నరికి చంపాడు. అదంతా సీసీ కెమెరాలో దేశమంతా చూసింది. ప్రణయ్‌ది దళిత క్రైస్తవ కుటుంబం. అమ్మాయిది పైకులమని చెప్పుకునే కుటుంబం. కోటి రూపాయలకు సుపారీ మాట్లాడుకున్నారని పోలీసులు చెప్పారు. కేసులో మొదటి నిందితుడు అమ్మాయి తండ్రే.

దాన్ని మనం పరువు హత్య అన్నాం. లోపలున్నది మాత్రం కయీను కోపమే అని నా అభిప్రాయం. కింద ఉండాల్సినవాడు అనుకున్న మనిషి పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇంటి అల్లుడిగా సమానంగా నిలబడ్డాడు. అది మింగుడుపడలేదు. ఆ రోజుల్లో టీకొట్ల దగ్గర "ఏమైనా ఆ తండ్రి బాధ కూడా చూడాలి కదా" అన్నవాళ్లను మీరూ విని ఉంటారు. కయీను బాధ కూడా బాధే. దేవుడు దాన్ని కాదనలేదు. కానీ ఆ బాధను హత్యకు సాకుగా ఒప్పుకోలేదు.

మరి దేవుడేం చేశాడు? మనం తొందరలో దాటిపోయే మాట ఒకటి ఆ అధ్యాయంలో ఉంది. హత్య జరగకముందే దేవుడు కయీనుతో మాట్లాడాడు. నీకెందుకు కోపం, ముఖం ఎందుకు చిన్నబోయిందని అడిగాడు. పాపం వాకిట్లో పొంచి ఉంది, దాన్ని నువ్వే అణచాలని హెచ్చరించాడు. దేవుడి న్యాయం శిక్షతో మొదలు కాలేదు, మందలింపుతో మొదలైంది. కొండమీది ప్రసంగంలో యేసు కూడా అక్కడికే వెళ్లాడు. నరహత్య సంగతి ఎత్తి, కత్తిని వదిలేసి సహోదరుడి మీద పెట్టుకున్న కోపాన్ని పట్టుకున్నాడు. పగబట్టినవాణ్ణి యోహాను తన మొదటి ఉత్తరంలో ఏకంగా హంతకుడనే అన్నాడు.

హత్య తర్వాత మాత్రం తప్పించుకునే దారి లేదు. నీ తమ్ముడెక్కడ అని దేవుడు అడిగాడు. నాకేం తెలుసని కయీను బొంకాడు. నేలలో ఇంకిన నెత్తురు మొరపెడుతోందని దేవుడు తేల్చి చెప్పాడు. అప్పటికి లోకంలో పోలీసు లేడు, సాక్షి లేడు. నేలే సాక్ష్యం చెప్పింది.

నా చెయ్యి తగల్లేదు కదా అనేవాళ్లకూ బైబిల్లో జవాబుంది. బత్షెబ కోసం దావీదు రాజు ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టించి చంపించాడు. అందుకు రాసిన ఉత్తరాన్ని ఊరియా చేతనే పంపాడు. కత్తి అమ్మోనీయులది, హత్య నీది అని నాతాను ప్రవక్త రాజు ముఖం మీదే చెప్పాడు. అహాబు రాజు కన్ను నాబోతు ద్రాక్షతోట మీద పడింది. తాతల నాటి భూమి అమ్మనని నాబోతు అన్నాడు. రాణి యెజెబెలు దొంగసాక్షులను పెట్టి అతణ్ణి రాళ్లతో కొట్టించి చంపించింది. తోట స్వాధీనం చేసుకోవడానికి వెళ్లిన అహాబును ఏలీయా ప్రవక్త అక్కడే పట్టుకుని, చంపి ఆక్రమించుకున్నావా అని అడిగాడు. గెట్టు పంచాయితీలు, పాలోళ్ల తగాదాలు, రోడ్డు పడగానే ధర పెరిగిన పట్టా భూములు... మనకు ఈ కథకు వ్యాఖ్యానం అక్కర్లేదు. పొరుగువాడి గెట్టురాయి జరిపినవాణ్ణి ద్వితీయోపదేశకాండం శపించింది కూడా.

డబ్బుతో మాఫీ చేసుకోవడమూ కుదరదు. మన ఊళ్లలో చావు జరిగితే పెద్దమనుషులు కూర్చుని ఇంత ఇప్పించి కేసు లేకుండా చేసే అలవాటు పూర్తిగా పోలేదు. కావాలని చేసిన హత్యకు సొమ్ము తీసుకుని హంతకుణ్ణి వదలొద్దని సంఖ్యాకాండం 35వ అధ్యాయం సూటిగా చెబుతుంది. ఒక్కడి సాక్ష్యం మీద మరణశిక్ష వేయొద్దనీ అక్కడే ఉంది. పొరపాటున ఒకరి ప్రాణం తీసినవాడు పగబట్టిన బంధువుల నుంచి పారిపోయి తలదాచుకోవడానికి ఆరు ఆశ్రయపురాలు కేటాయించిందీ అక్కడే. న్యాయం కొనుక్కునేది కాకూడదు, ఆవేశంలో తీర్చుకునేదీ కాకూడదు.

ఇప్పుడు ఆ గుర్తు సంగతి. కయీనును దేవుడు ఊరికే వదిలేయలేదు. ఇక ఈ నేల నీకు పండదు, దేశదిమ్మరివై తిరుగుతావన్నాడు. సేద్యగాడికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? నేల పండక ఊరు విడిచి తిరగడమంటే ఏమిటో, ఏ తప్పూ చేయకుండానే వలస పోయిన పాలమూరువాళ్లకు నేను చెప్పాలా? గుర్తు వేసింది మాత్రం పగ కయీనుతోనే ఆగాలని. ఆగకపోతే ఏమవుతుందో అదే అధ్యాయం చివర్లో ఉంది. కయీను సంతతివాడైన లెమెకు, తనను గాయపరిచినవాణ్ణి చంపానని భార్యల ముందు గొప్పలు చెప్పుకున్నాడు. కయీనుకు ఏడంతలు ప్రతీకారమైతే తనకు డెబ్భై ఏడంతలన్నాడు. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే డెబ్భై ఏళ్లమార్లని యేసు చెప్పిన లెక్క ఆ లెమెకు లెక్కకు ఎదురు లెక్క.

మన ప్రాంతానికి ఈ కథలు తెచ్చినవాళ్లలో కత్తి పట్టకూడదని వందల ఏళ్లుగా నమ్మిన మెన్నోనైట్ శాఖ క్రైస్తవులు ఉన్నారు. రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టాడు. అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ (ఎం.బి.) వాళ్లు 1899లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చి తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ దాకా విస్తరించారు. అందుకే పాలమూరులో ఇన్ని ఎం.బి. చర్చిలు. ఆ వారసత్వం ఉన్నవాళ్లం పగ వద్దనడం తేలిక. కులం వద్దనడంలోనే వెనకబడ్డాం. మాలవాడకొక మందిరం, మాదిగవాడకొక మందిరం ఉన్న ఊళ్లు మీకూ తెలుసు. పిల్ల వాడ దాటి పెళ్లి చేసుకుంటానంటే ముఖం చిన్నబోయే పెద్దలు మన బల్లల మీదా కూర్చుంటున్నారు.

మిర్యాలగూడ కేసులో మొదటి నిందితుడు విచారణ ముగియకముందే 2020 మార్చిలో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆరున్నరేళ్లు పట్టింది. చెడ్డపనికి శిక్ష ఆలస్యమైతే మనుషులకు తెగింపు వస్తుందని ప్రసంగి ఏనాడో గుర్తించాడు. తీర్పు రావాల్సిందే, వచ్చింది, మంచిదే. కానీ కోర్టు వచ్చేది నెత్తురు కారాకే. దేవుడు కయీను దగ్గరికి అంతకుముందే వచ్చాడు. ఆ ముందు పని మనది.

ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయంలో ఒక వింత నియమం ఉంది. పొలంలో శవం దొరికి హంతకుడెవరో తెలియకపోతే, ఏ ఊరు దగ్గరో కొలవాలి. ఆ ఊరి పెద్దలు వచ్చి, ఈ నెత్తురు మా చేతులు చిందించలేదు, మా కళ్లు చూడలేదని దేవుడి ముందు చెప్పాలి. అంటే హత్యకు ఊరంతా జవాబుదారీ. మనం అలా చెప్పగలమా? మిర్యాలగూడ హత్యకు దాదాపు ఆరు నెలల ముందే, 2018 మార్చి 27న, శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు కులం దాటి పెళ్లి చేసుకున్న జంటల కోసం జిల్లాకొక ప్రత్యేక విభాగం, హెల్ప్‌లైన్ ఉండాలని ఆదేశించింది, తలదాచుకునే ఇళ్ల ఏర్పాటునూ పరిశీలించమంది. ఇవి మన కాలపు ఆశ్రయపురాలు.

ఈ ఉత్తరం చదివాక మీ జిల్లా పోలీసు కార్యాలయానికి వెళ్లి ఆ విభాగం ఎక్కడుందో, నంబరేమిటో కనుక్కోండి. ఆ నంబరు మీ చర్చి నోటీసు బోర్డు మీద రాయించండి. గుడిలో, మసీదులో రాయించినా మంచిదే. మీ ఇంట్లో ఎవరి ముఖమైనా చిన్నబోయి ఉంటే ఈ రాత్రే కూర్చుని మాట్లాడండి. ఏం జరిగిందో నాకు రాయండి.

మీ
ఉత్తరాల మిత్రుడు