వలస పిట్టల సొంతూరు

సింగపూర్‌లో వసంతం ఎప్పుడొచ్చిందో చెప్పడం కష్టం. చెట్లన్నీ ఒక్కసారిగా ఆకు రాల్చి చిగురు తొడిగే పద్ధతి ఇక్కడ లేదు. కోయిల ఏడాది పొడవునా కూస్తూనే ఉంటుంది. ఉగాది పచ్చడికి వేపపువ్వు లిటిల్ ఇండియా కొట్లలో వెతుక్కోవాలి. నామటుకు నాకు వసంతమంటే మార్చి నెలలో సుంగై బులో మడుగుల దగ్గర పిట్టలు ఒళ్ళు చేయడమే.

క్రాంజీ స్టేషన్‌లో దిగి 925 బస్సెక్కితే ఎత్తయిన భవనాలు వెనకబడిపోతాయి. ఆ చుట్టుపక్కల కూరగాయల తోటలు, ఫారాలు. తర్వాత మడ అడవి, జలసంధికి అవతల మలేషియా. సుంగై బులో అంటే మలయ్ భాషలో వెదురు ఏరని అర్థం. ఒకప్పుడు ఇవన్నీ రొయ్యల గుంటలు. 1986లో పిట్టల్ని చూసేవాళ్ళు కొందరు ఈ చోటు విలువ గుర్తించి, కాపాడమని ప్రభుత్వాన్ని అడిగారు. 1993లో పార్కుగా తెరిచారు, 2002లో 130 హెక్టార్ల రక్షిత ప్రాంతం చేశారు. మాది సూళ్ళూరుపేట, ఒకప్పటి నెల్లూరు జిల్లా. అక్కడ వరి పొలాలు రొయ్యల గుంటలు కావడం చూసినవాణ్ణి. రొయ్యల గుంటలు పిట్టల పాలు కావడం మాత్రం ఇక్కడే చూశాను.

ఆటు సమయంలో పిట్టలు బురదలో పురుగుల్ని ఏరుకుంటాయి. పోటు రాగానే ఈ గుంటల గట్ల మీదకు చేరి ఒంటికాలి మీద కునుకు తీస్తాయి. వాటికి నిలబడే చోటుండేలా తూముల తలుపులతో నీటిమట్టం సరిచేస్తారు. బంగారు చుక్కల వీపున్న గోల్డెన్ ప్లోవర్ సెప్టెంబరులో బక్కచిక్కి వస్తుంది. వెళ్ళేముందు దాని మొహం, పొట్ట నల్లబడతాయి. ఇక్కణ్ణించి సైబీరియా దాకా వెళ్ళాలి.

పోయినేడు మార్చిలో అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. పులికాట్, నేలపట్టు ఎరిగిన మనిషి. చెరువులో పిట్టల రెట్ట కలిసిన నీళ్ళు పైరుకు బలమని నమ్మే ఊళ్ళు అవి. చెక్క బల్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది.

"వీటి సొంతూరు ఏదిరా?"

"సైబీరియామ్మా. గుడ్లు పెట్టేది అక్కడే."

"ఎన్నాళ్ళుంటాయి అక్కడ?"

"మూడు నాలుగు నెలలు. మిగతా కాలం ఇలాంటి చోట్లే."

"అయితే అది పుట్టిల్లు, ఇది మెట్టినిల్లు. ఏ ఆడపిల్లనడిగినా చెప్పుద్ది, రెండూ తనవేనని. రెండూ తనవి కావని కూడా చెప్పుద్ది."

మా అబ్బాయికి పద్దెనిమిది నిండాయి. పర్మనెంట్ రెసిడెంట్ల పిల్లవాడు కాబట్టి రెండేళ్ళు ఇక్కడి సైనిక శిక్షణకు వెళ్ళాలి. ఆపైన ఇక్కడి పౌరసత్వం తీసుకుంటానంటున్నాడు. మన దేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. వాడితోపాటు నేనూ పాస్‌పోర్టు వదులుకోవాలా అన్నది ఇంట్లో తెగని మాట. అదే అమ్మతో అన్నాను.

"వాణ్ణెందుకు ఆపుతావు? నువ్వొచ్చేటప్పుడు మేం ఆపామా?" అంది. నా సంగతి మాత్రం ఏమీ అనలేదు.

ఏప్రిల్‌లో అమ్మ చెన్నై విమానం ఎక్కింది. నెలాఖరుకు గట్లు చాలావరకు ఖాళీ అయ్యాయి. సెప్టెంబరులో ఫోన్ చేసి, "పిట్టలొచ్చాయా?" అని అడిగింది.

"వచ్చాయమ్మా. బాగా చిక్కిపోయి ఉన్నాయి."

"తిండి దొరికే చోటికే కదా వచ్చింది, కోలుకుంటాయిలే" అంది. ఆ నెలలోనే అబ్బాయి జుట్టు కత్తిరించుకుని శిక్షణకు వెళ్ళాడు. వాడి పౌరసత్వం కాగితాలు నింపి పెట్టాం. నావి సొరుగులో అలాగే ఉన్నాయి.